డెల్ఫీన్ ప్రూయిట్ చేపల వరుస

దక్షిణ కరోలినా కొండల అంచున, పైన్ షోల్స్ ఊళ్లో, డెల్ఫీన్ ప్రూయిట్ అనే బట్టలు కుట్టే ఆవిడ ఒక శుక్రవారం సాయంత్రం ఒక్క ఇనుప పట్టకారుతో బాప్టిస్టు పెద్దల కమిటీని మొత్తంగా కేథలిక్ మతంలో కలిపేసింది. వేయించిన చేప కోసం పదిమంది పెద్దమనుషులు మోకాళ్లూని, సిలువ గుర్తు వేసుకుని, పోప్‌గారికి జై కొట్టారు.

సరే, పదిమంది కాదు. మోకాళ్లూనింది ముగ్గురే. వాళ్లలో ఒకాయన కాలు జారి పడ్డాడు. పోప్‌గారికి ఎవరూ జై కొట్టలేదు, కాని ఆ క్షణంలో అడిగి ఉంటే కొట్టేవారే. ఇక మిగతాదంతా జరిగింది జరిగినట్టే ఉంటుంది. ఎక్కడైనా అలా లేకపోతే, జరగవలసినట్టు ఉంటుంది.

డెల్ఫీన్ పుట్టింది లూసియానా తీరంలో, చేపల పడవల మధ్య. సముద్రంలో చమురు తవ్వే పనికి వచ్చిన ఎర్‌స్కిన్ ప్రూయిట్‌ని పెళ్లాడి ఈ కొండల్లోకి వచ్చింది. బట్టల మిల్లు మూసేసేదాకా మిల్లులో పనిచేసింది. మూసేశాక వెనక వరండాలో కుట్టుమిషను పెట్టుకుంది. ఊడిన జిప్పులు, పెళ్లిగౌన్ల అంచులు, పోలీసుల ప్యాంట్ల నడుములు అన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. ఊళ్లో ఎవరి నడుము ఏ ఏడు ఎంత పెరిగిందో ఆమెకు తెలుసు. ఎవరితోనూ అనేది కాదు. పిల్లలు పుట్టలేదు. దాని గురించీ ఎవరితోనూ అనేది కాదు.

పైన్ షోల్స్‌లో బాప్టిస్టు చర్చిలు పెట్రోలు బంకులకంటే ఎక్కువ. కేథలిక్ చర్చి ఒక్కటే. అదీ ఒకప్పుడు టైర్ల కొట్టు. ఎండాకాలం పూజ జరుగుతుంటే ఇప్పటికీ సాంబ్రాణి వెనకనుంచి రబ్బరు వాసన వస్తుంది. డెల్ఫీన్ ఆదివారం తప్పేది కాదు. ఎర్‌స్కిన్ కూడా తప్పేవాడు కాదు, చేపల వేటకు. అతను బాప్టిస్టుల ఇంట పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు జూలైలో జరిగిన ఉజ్జీవ సభల్లో ఏడ్చి, రక్షణ పొంది, వాగులో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తరవాత శవపేటిక మోయడానికి తప్ప చర్చి గడప తొక్కలేదు.

ఊరి చివర గుట్టమీద బాప్టిస్టు సంఘాలు నడిపే లాంప్‌లైట్ బాలల ఆశ్రమం ఉంది. తెల్లటి స్తంభాలు, గుమ్మంమీద చేతిదీపం బొమ్మ. తల్లిదండ్రులు లేనివాళ్లనీ, ఉన్నా చూసుకోలేని వాళ్ల పిల్లలనీ జిల్లా అక్కడ ఉంచుతుంది. పెంచుకోవడానికి ఇళ్లు వెతికే పని కూడా ఆ ఆశ్రమానిదే. డెల్ఫీన్ ప్రతి మంగళవారం అక్కడికి వెళ్లి పిల్లల చిరిగిన బట్టలు ఊరికే కుట్టి వచ్చేది. ఏళ్ల తరబడి కుట్టింది. సూదిది ఏ మతమని ఎవరూ అడగలేదు.

ఆ ఏడాది కుట్టుబల్ల కింద ఒక పిల్ల దూరింది. బ్రినా అని ఆరేళ్లది. అందరితో మాట్లాడే పిల్ల కాదు. బల్ల కింద కూర్చుని, రాలిన బొత్తాములు ఏరి, రంగుల వారీగా తన గౌను ఒళ్లో పేర్చుకునేది.

"అది నోట్లో పెట్టుకోకు తల్లీ," అనేది డెల్ఫీన్ కిందికి చూడకుండానే.

"పెట్టుకోలేదు."

"మరి ఆ బుగ్గ ఎందుకు ఉబ్బింది?"

"అది నా బుగ్గే."

ఇలా ఒక శీతాకాలం గడిచింది. ఒక మంగళవారం డెల్ఫీన్ ఇంటికొచ్చి, టోపీ కూడా తియ్యకుండా, "ఆ పిల్లని తెచ్చుకుందాం," అంది. ఎర్‌స్కిన్ గాలానికి దారం చుడుతున్నాడు. "వెనక గది తలుపు బిగుసుకుపోయింది. ముందు అది చెక్కాలి," అన్నాడు. వాళ్లింట్లో ఒప్పుకోవడమంటే అదే.

లాంప్‌లైట్‌వాళ్లు వీళ్లని చాలా ప్రేమగా చూశారు. ప్రభువును ప్రేమిస్తారా అని అడిగారు. ప్రేమిస్తామంది డెల్ఫీన్. ఆదివారం ఆరాధనకు వెళ్తారా అని అడిగారు. ఎప్పుడూ మానలేదంది. ఏ సంఘమని మాత్రం అడగలేదు. ప్రూయిట్‌లకు సెకండ్ బాప్టిస్టు చర్చిలో తాతలనాటి బెంచీ ఉంది. ప్రూయిట్ పెళ్లాం ఇంకెక్కడికి వెళ్తుందిలే అనుకున్నారు. ఆ ఊళ్లో అలా అనుకోవడానికి బుర్ర పనిచెయ్యనక్కర్లేదు, కాబట్టి అందరూ అనుకున్నారు.

ఆశ్రమం తరఫున ఇల్లు చూడడానికి మిస్ ట్వైలా కాబ్ వస్తానంది. ఆ ఊళ్లో పెళ్లయిన ఆడవాళ్లనీ మిస్ అనే అంటారు. ఫలానా బుధవారం పది గంటలకు అంది. అది విభూతి బుధవారమని ఆవిడకు తెలియదు. తెలియవలసిన అవసరం ఆవిడకు ఎన్నడూ కలగలేదు.

డెల్ఫీన్ పొద్దున్నే పూజకు వెళ్లి, నుదుట బూడిద పెట్టించుకుని, ఇంటికొచ్చి కేకు పొయ్యిలో పెట్టింది. మిస్ ట్వైలా వచ్చింది. మంచి మనిషే. అలాంటివాళ్లు కీడు కూడా మంచిగానే చేస్తారు. వెనక గది చూసి, "అబ్బ, కిటికీలోంచి ఉడతలు కనిపిస్తున్నాయే," అంది. మంచం నొక్కి చూసింది. మందుల అలమారకు తాళం ఉందా అని లాగి చూసింది. అన్నీ బాగున్నాయి. సోఫాలో కూర్చుని కేకు అందుకుంటూ డెల్ఫీన్ మొహంలోకి చూసి, "అయ్యో బంగారం, ఇక్కడ మసి అంటింది, ఉండు," అని చేతిసంచిలోంచి లేసు అంచున్న రుమాలు తీసి, దాని కొస నాలుకతో తడిపి, రెండో చేత్తో డెల్ఫీన్ గడ్డం పట్టుకుని, నుదుటిమీద బూడిదనంతా శుభ్రంగా తుడిచేసింది. ఆ దేశంలో తల్లులు పిల్లల మొహాలు అలాగే తుడుస్తారు. మిస్ ట్వైలా ఐదుగురిని అలా తుడిచి పెంచింది.

ఎర్‌స్కిన్ గొంతులో కేకు అడ్డం పడింది.

"అది మసి కాదండీ," అంది డెల్ఫీన్ నెమ్మదిగా. "బూడిద. పొద్దున పూజలో పెట్టారు. ఇవాళ్టినుంచి ఈస్టరుదాకా తపస్సు కాలం."

"పూజలోనా?"

"సెయింట్ ఆన్స్‌లో. నేను కేథలిక్‌ని. మీకు తెలుసనుకున్నాను."

మిస్ ట్వైలా నవ్వు మొహంమీదే ఉండిపోయింది, అతిథి వెళ్లిపోయాక వరండాలో వెలుగుతూ ఉండిపోయిన దీపంలా. చేతిలో రుమాలు చూసుకుంది. సంచిలో పెట్టుకోవడానికి మనసు రాలేదు. కేకు పళ్లెం పక్కన పెట్టడం మర్యాద కాదు. చివరికి దాన్ని సోఫా చేతిమీద, రెండు వేళ్లతో, కుట్టే పురుగును దించినట్టు దించి, "కేకు చాలా బాగుంది," అని లేచింది. రుమాలు అక్కడే వదిలేసి వెళ్లింది.

తరవాతి వారం బ్రదర్ లాయిడ్ హెంబ్రీ ఇద్దరికీ కబురు పెట్టాడు. లాంప్‌లైట్‌కి ఆయన పెద్ద. వెడల్పాటి మనిషి, మెత్తటి చేతులు. ఎవరికి ఏది కాదని చెప్పాలన్నా ముందు వాళ్ల చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంటాడు. ఐసు వేసిన తియ్యటి టీ ఇప్పించాడు. డెల్ఫీన్ చెయ్యి పట్టుకున్నాడు.

"మీ హృదయాన్ని మేం అనుమానించట్లేదు మిస్ డెల్ఫీన్. కేథలిక్కులంటే మాకు ప్రేమే. మా పళ్ల డాక్టరు కేథలిక్కే."

"మరి?"

"తల్లీ తండ్రీ ఇద్దరూ తిరిగి జన్మించిన విశ్వాసులై ఉండాలి. మా సంఘాలవాళ్లై ఉండాలి. నేను పెట్టిన నియమం కాదు. దేవుని వాక్యం పెట్టింది."

ఎర్‌స్కిన్ టీ గ్లాసు కింద పెట్టాడు. "నా సంగతేంటి బ్రదర్?"

"మీకేం బ్రదర్ ఎర్‌స్కిన్. మీరు రక్షణ పొందినవారు. ఆ సభల్లో మా నాన్నే పాట పాడాడు."

"అప్పుడు నాకు తొమ్మిదేళ్లు."

"ఒకసారి పొందితే పొందినట్టే. అది పోదు."

"ఆదివారం నేను చెరువులో ఉంటాను. బీరు సీసాతో."

"మనమందరం బలహీనులం," అన్నాడు బ్రదర్ హెంబ్రీ ప్రేమగా.

ఎర్‌స్కిన్ కాసేపు ఆలోచించాడు. అతను ఆలోచించడం అరుదు గనక గదిలో అందరికీ తెలిసింది. "అంటే, వారం వారం దేవుడి దగ్గరికి పోయే మనిషి పనికిరాదు. నలభయ్యేళ్లుగా పోనివాడు పనికొస్తాడు."

"అలా అంటే వినడానికి బాగోదు."

"ఎలా అంటే బాగుంటుందో మీరే చెప్పండి, అలాగే అంటాను."

బ్రదర్ హెంబ్రీ డెల్ఫీన్ వైపు తిరిగాడు. ఆడవాళ్లతో మాట్లాడటం ఆయనకు సులువు. "వేరే సంస్థలున్నాయి తల్లీ. కొలంబియాలో ఒకటి ఉంది, చాలా మంచిదట. రెండున్నర గంటలే."

"నాకు వేరే పిల్ల వద్దు. బ్రినా కావాలి."

"ఆ పిల్లకి దేవుడు మంచి కుటుంబాన్ని చూపించాడు. సముద్రం పక్కన. ఈస్టరు కాగానే పంపిస్తున్నాం." ఆమె చెయ్యి ఇంకొకసారి నొక్కాడు. "మంగళవారాలు మాత్రం మానకండి. కుట్టుపని కూడా సేవే కదా. ఈస్టరుకి గాయకబృందం గౌన్లు కూడా ఉన్నాయి."

దొంగకైనా తాళం పగలగొట్టే కష్టం ఉంటుంది. ఈయనకు అదీ లేదు. పిల్లను లాక్కున్న చేత్తోనే గౌన్ల మూట అందించాడు. డెల్ఫీన్ అది పుచ్చుకుని వచ్చింది, ఎందుకంటే మంగళవారం వెళ్లకపోతే పిల్లను చూసే వీలు లేదు.

ఆ మంగళవారం బల్ల కిందనుంచి గొంతు వచ్చింది. "సముద్రం లోతుంటుందా?"

"ఉంటుంది."

"నాకు ఈత రాదు."

"నేర్పిస్తారు."

"నువ్వు నేర్పవా?"

డెల్ఫీన్ మిషను తొక్కడం ఆపింది. ఆమెకు ఈత వచ్చు. లూసియానాలో నడక కంటే ముందు అదే వచ్చింది. గౌను అంచు రెండోసారి కుట్టింది. ఒకసారి కుట్టేసిందని గుర్తు లేదు.

ఇక చేపల సంగతి. తపస్సు కాలంలో శుక్రవారాలు కేథలిక్కులు మాంసం తినరు కనక సెయింట్ ఆన్స్ హాల్లో చేపల విందు పెడతారు. జెల్లచేపను మజ్జిగలో నానబెట్టి, మొక్కజొన్న పిండి పట్టించి, మరిగే నూనెలో వేస్తారు. పక్కన మొక్కజొన్న ఉండలు, తరిగిన క్యాబేజీ. ఆ పిండిలో డెల్ఫీన్ లూసియానా మిరపపొడి ఏదో కలుపుతుంది. ఊరి కేథలిక్కులు అందరూ కలిసినా రెండు బల్లలు నిండవు. హాలు మాత్రం నిండిపోతుంది. మిగతావాళ్లంతా బాప్టిస్టులూ మెథడిస్టులే. పోప్‌గారిని నరకానికి పంపిన నోటితోనే ఆయన ఉపవాసాన్ని వరుసలో నించుని తింటారు. లాంప్‌లైట్ కమిటీ ఏటా కట్టకట్టుకుని వస్తుంది. బ్రదర్ హెంబ్రీ ఆ రోజు మధ్యాహ్నం భోజనం మానేస్తాడని ఆయన భార్యే చెప్పుకుంటుంది. అదొక్కటే ఆయన చేసే ఉపవాసం.

ఆ శుక్రవారం డెల్ఫీన్ పొయ్యి దగ్గర్నుంచి లేచి, వడ్డించే బల్ల దగ్గరికి వచ్చి, పట్టకారు తీసుకుంది. వరుసలో బ్రదర్ హెంబ్రీ వంతు వచ్చింది.

"రోము చేసిన మంచిపని ఇదొక్కటే తల్లీ," అని ఏటా వేసే జోకు వేసి పళ్లెం చాపాడు.

చేపముక్క పట్టకారులో గాలిలోనే ఆగింది.

"చిన్న ప్రశ్న బ్రదర్. మీరే సంఘానికి వెళ్తారు?"

"అదేంటి, తెలీదా? సెకండ్ బాప్టిస్టు."

"అయ్యో," అంది డెల్ఫీన్, ఎంతో బాధగా. "పూజకి వెళ్లరా?"

"పూజకా?"

"పోనీ, మా ఫాదర్‌గారు మీ గురించి ఒక మాట చెప్తారా? ఈయన మనవాడే, పెట్టొచ్చు అని?"

ఆయన నవ్వాడు. వెనకనున్నవాళ్లూ నవ్వారు. ముక్క మాత్రం కిందికి దిగలేదు. నవ్వు ఒక్కొక్కరి దగ్గర ఆగిపోతూ వచ్చింది.

"మీ ఆకలిని నేను అనుమానించట్లేదు," అంది ఆమె. "బాప్టిస్టులంటే మాకు ప్రేమే. మా ఇంటాయన బాప్టిస్టే. కాని ఇది దేవుడి పేరున వేయించిన చేప. తినేవాళ్లు తగినవాళ్లై ఉండాలి. నేను పెట్టిన నియమం కాదు. వేరేచోట కూడా చేపలు దొరుకుతాయి. కొలంబియాలో చాలా బాగుంటాయట. రెండున్నర గంటలే."

"ఒప్పేసుకోండి బ్రదర్," అన్నారెవరో వెనకనుంచి, "ఉండలు చల్లారిపోతున్నాయి."

"ఏం చెయ్యమంటారమ్మా?" బ్రదర్ హెంబ్రీ చూపు ఆమెమీద లేదు, ముక్కమీద ఉంది.

"సిలువ గుర్తు వేసుకోండి, చాలు. మోకాళ్లు అక్కర్లేదు, మీకు కీళ్లనొప్పులు."

వేసుకున్నాడు. ఈగను తోలుకున్నట్టు, అటుదిటూ ఇటుదటూగా. నన్‌ల దగ్గర చదువుకున్నవాళ్లెవరైనా అది చూస్తే బెత్తం ఎటునుంచి పడుతుందోనని చూసుకుంటారు. సరిగ్గా అప్పుడే వెనకనున్న కమిటీ మనిషి డీకన్ పర్విస్ నూనె చిందినచోట కాలు జారి రెండు మోకాళ్లమీద పడ్డాడు. ఆయన వెనకనున్న ఇద్దరు కమిటీ పెద్దలకు ముందేం జరిగిందో కనిపించలేదు. చేప కావాలంటే ఇలా చెయ్యాలి కాబోలు అనుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని, వాళ్లూ మోకాళ్లూనారు.

బ్రదర్ హెంబ్రీ మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించాడు, కాని ఆయనది ప్రసంగాల గొంతు. తగ్గించినా గోడదాకా వినిపిస్తుంది. "ఇదంతా బ్రినా గురించేనా మిస్ డెల్ఫీన్? ఇంత మందిలో?"

"బ్రినా గురించి ఏంటి?"

ఆ మాట డెల్ఫీన్‌ది కాదు. వరుసలో మరో నలుగురి వెనకనుంచి, పళ్లెం పట్టుకున్న రెనిటా మూల్‌ట్రీ అడిగింది. రెనిటా జిల్లా పిల్లల సంక్షేమ ఆఫీసులో పనిచేస్తుంది. పొట్టి మనిషి. వరుసలోంచి పక్కకు జరిగి, పళ్లెం గుండెకు ఆనించుకుని ముందుకు వచ్చింది.

"నేను అడిగాను, వీళ్లు ఇవ్వనన్నారు," అంది డెల్ఫీన్.

"ఈ జిల్లాలో ఆ పిల్లని అడిగినవాళ్లే లేరని మీరు నాకు ఫోన్లో చెప్పారు బ్రదర్. అందుకే కదా సముద్రం దాకా పంపడానికి సరేనన్నా."

"తగినవాళ్లెవరూ లేరన్నాను."

"'తగిన' అన్నమాట నేను వినలేదు."

"అది అనకుండానే అర్థమవుతుంది సిస్టర్."

"మాకు అర్థం కాదండీ. మేం మెథడిస్టులం."

హాలు ఘొల్లుమంది. రెనిటా నవ్వలేదు. "పిల్ల మీది కాదు. జిల్లాది. మీ దగ్గర మంచం తీసుకున్నాం, అంతే. సోమవారం నేను ఆ కాగితాలు వెనక్కి తెప్పిస్తా." డెల్ఫీన్ వైపు తిరిగింది. "నాకు చేప పెట్టు అక్కా. సోమవారం పొద్దున మీ ఇల్లు చూడ్డానికొస్తా. నన్నేం అడగవా, ఏ సంఘమని?"

"నిమ్మకాయ కావాలా అని అడుగుతా."

తరవాత డెల్ఫీన్ బ్రదర్ హెంబ్రీ పళ్లెంలో రెండు పెద్ద ముక్కలు వేసింది. ఆయన తీసుకున్నాడు. అదీ ఆ మనిషి. పళ్లెం వదిలేసి వెళ్లిపోయి ఉంటే, ఎంత మూర్ఖుడైనా తన మాటమీద నిలబడ్డాడని ఊరు కొంత గౌరవించేది. ఆయన మూలన కూర్చుని రెండూ తిని, మూడోదానికి భార్యను పంపాడు.

జిల్లా తన పద్ధతిలో తాను నిదానంగా నడిచింది. ఇల్లు చూశారు, పోలీసు రికార్డులు చూశారు, ఎర్‌స్కిన్ పడవ తాళం కూడా చూశారు. సముద్రం పక్క కుటుంబానికి వేరే పిల్ల దొరికింది. బ్రినా జూన్‌లో వచ్చింది, తన బట్టలన్నీ నల్లటి చెత్తసంచిలో వేసుకుని. అలాంటి పిల్లల సామాన్లు అందులోనే ఇస్తారు. గుమ్మంమీద దీపం బొమ్మ పెట్టుకున్నవాళ్లకు ఒక పెట్టె కొనివ్వాలని తోచలేదు. డెల్ఫీన్ ఆ సంచిని చేత్తో పట్టుకోకుండా బట్టలు మాత్రం తీసుకుంది. మరుసటి ఏడాది జడ్జిగారు సంతకం చేశారు. ఆ మధ్యలో ఎర్‌స్కిన్ చెరువులో పిల్ల నీళ్లు మింగుతూ, ఏడుస్తూ, తిడుతూ ఈత నేర్చుకుంది.

ఆ శుక్రవారం తరవాత డెల్ఫీన్ లాంప్‌లైట్‌కి మళ్లీ వెళ్లలేదు. జూన్‌దాకా పిల్లను రెనిటా ఆఫీసులోనే చూసేది. ఈస్టరునాడు గాయకబృందం గౌన్ల చేతుల అంచులు పిన్నీసులతో పెట్టుకుని పాడింది. ఆశ్రమం తన నియమం మార్చుకోలేదు. అలాంటివాళ్లు మారరు. బ్రదర్ హెంబ్రీకి ఇంకా పెద్ద సంస్థలో ఇంకా పెద్ద కుర్చీ ఇచ్చారు. మిగతా కమిటీ ఇప్పటికీ తపస్సు కాలంలో శుక్రవారాలు వరుసలో నించుంటుంది. జోకులు మాత్రం వెయ్యదు.

ఈమధ్య ఈ కథంతా ప్రూయిట్ వాళ్ల వరండాలోనే నేను చెప్పాను. డెల్ఫీన్ చిక్కుడు గింజలు ఒలుస్తోంది. పదిహేడేళ్ల బ్రినా మెట్లమీద కూర్చుని, నవ్వలేక పొట్ట పట్టుకుని వింది.

"నిజంగానా అమ్మా? నాకోసం ఆయన చేత సిలువ గుర్తు వేయించావా?"

"లేదు," అంది డెల్ఫీన్.

"మరి మోకాళ్లు?"

"ఎవరూ ఊనలేదు. ఆ శుక్రవారం నేను పొయ్యి దగ్గరే ఉన్నాను. వడ్డించే బల్ల దగ్గరికే రాలేదు. రెనిటా ఆ ఏడు చేపలకే రాలేదు, జ్వరం. ఆకలని వచ్చిన మనిషిని పళ్లెం పట్టుకుని నిలబెట్టి, నీ దేవుడెవరని అడుగుతారా ఎవరైనా?" గింజల గిన్నె ఒళ్లో సర్దుకుంది. "మేం నువ్వు కావాలని అడిగాం. నిన్ను ఇచ్చారు. ఇంక ఇందులో ఒక్క ముక్క కూడా జరగలేదు."